కొలిమి ఎవరి పేరున

"మళ్ళీ అను" అన్నాడు రాయిస్.

అతని తల్లి ఆర్డిత్ మళ్ళీ అంది.

"కార్ఖానా పిట్స్‌బర్గ్ కంపెనీ వాళ్లకి అమ్మను. మన పనివాళ్లకే అమ్ముతాను. ఇంకో గంటలో వాళ్లు ఊరి ఫైర్ స్టేషను హాల్లో కూర్చుని ఒప్పుకోవడమో మానడమో తేల్చుకుంటారు."

రాయిస్ చేతిలో ఫోర్కు పళ్లెం పక్కన పెట్టాడు. ఎంత నెమ్మదిగా పెట్టాడంటే చప్పుడు కూడా కాలేదు. చప్పుడైనా బాగుండేదనుకుంది ఆర్డిత్. రాయిస్ తండ్రి, పోయిన తన భర్త లియోన్‌కి కోపం వస్తే ఇల్లంతా తెలిసేది, సాయంత్రానికి తగ్గిపోయేది. కొడుకు కోపం అలా కాదు. లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది.

ఆదివారం చర్చికి వెళ్లొచ్చిన బట్టలతోనే నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మాంసం, చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె పెట్టినవి పెట్టినట్టే చల్లారిపోతున్నాయి. కోడలు జెనెవా మొగుడి ముఖం చూస్తోంది. కూతురు నోలా తల్లి ముఖం చూస్తోంది. తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఆర్డిత్‌కి తెలియలేదు.

శుక్రవారం జరిగింది ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ మింగుడుపడలేదు. డ్యుఫ్రేన్ గాజు కార్ఖానాలో లియోన్ తాతగారి కాలం నుంచి ఒక ఆనవాయితీ ఉంది. పని దిగే గంట కొట్టాక గాజు కరిగించే మూసల అడుగున మిగిలింది పనివాళ్లది. దానితో వాళ్లు తమకు తోచింది చేసుకుంటారు. భార్య పుట్టినరోజుకి ఒక హంస, బడికెళ్లే పిల్లకి నాలుగు గోళీలు, ఊరికే సరదాకి ఒక గాజు చేతికర్ర. లారెల్ బెండ్ ఊళ్లో ఏ ఇంటి కిటికీలో చూసినా అవే ఎండకి మెరుస్తుంటాయి. కొనడానికి వచ్చిన పిట్స్‌బర్గ్ మనుషులు ఆ గాజు చూసి, "ఊరికే పోతున్న ఈ సరుకేమిటి?" అని అడిగారట. మర్నాడే రాయిస్ దాన్ని ఆపించాడు.

పనివాళ్లు అరవలేదు. తిట్టలేదు. ఊదుడు గొట్టాలు నేల మీద వరసగా పెట్టి, కోట్లు తొడుక్కుని, ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. గొట్టాల చివర గాజు ఇంకా ఎర్రగానే ఉంది.

ఆ రాత్రే ఆర్డిత్ లాయరుకి ఫోను చేసింది. లియోన్ పోయాక కార్ఖానా ఆమె పేరునే ఉంది, నడిపేది రాయిస్.

"నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదు నీకు" అన్నాడు రాయిస్. "నా జుట్టు సగం విమానాశ్రయాల్లోనే నెరిసిందమ్మా. న్యూయార్కులో, షికాగోలో కొట్లవాళ్ల ముందు మన గాజు గిన్నె పట్టుకుని నిలబడింది నేను. మేస్త్రి ఎమిల్ కాదు."

"ఎమిల్ చేశాడు కాబట్టి నువ్వు పట్టుకోగలిగావు" అంది నోలా. ఆమె కార్ఖానాలోనే గాజు మీద నగిషీ చెక్కే గదిలో పనిచేస్తుంది. చేతివేళ్ల నిండా సన్నని గీతలు.

"చేస్తే చాలదు తల్లీ. చేసి బీరువాలో పెట్టుకుంటే దుమ్ము పడుతుంది. ఎవడో ఒకడు కొనాలి."

"కొనేవాళ్లు కావాలని కొలిమినే అమ్మేస్తావా?"

"ఆ పిట్స్‌బర్గ్ వాళ్లు నడుపుతామన్నారు. రెండేళ్లు మాటిచ్చారు."

"రెండేళ్లు! కుక్కపిల్లని తెచ్చుకునేవాడు కూడా అంతకన్నా ఎక్కువ కాలానికే తెచ్చుకుంటాడు."

జెనెవాకి నవ్వొచ్చింది. మొగుడు చూడకముందే నీళ్లగ్లాసు అడ్డం పెట్టుకుంది.

రాయిస్ తల్లి వైపు తిరిగాడు. "సరే, నువ్వే చెప్పు. ఇవాళ కార్ఖానా మూతపడితే వాళ్లకి పోయేది పని ఒక్కటే. తిప్పలు పడి ఇంకోటి వెతుక్కుంటారు. రేపు వాళ్లే యజమానులయ్యాక మూతపడితే? పనీ పోతుంది, ముసలితనానికని చేరిన వాటా కూడా పోతుంది. రెండూ ఒకేరోజు. నువ్వు వాళ్లకి మేలు చేస్తున్నావా? మోయలేని బరువు వాళ్ల నెత్తిన పెట్టి పక్కకి తప్పుకుంటున్నావా?"

ఆర్డిత్ చూపు కిటికీ మీదికి పోయింది. లాయరు కూడా ఇదే మాట అన్నాడు, కాస్త మెత్తగా.

ఆమె కళ్ల ముందు వేరే దృశ్యం ఉంది. ఏటికి అవతలి గట్టున సీసాల కార్ఖానా మూసినప్పటిది. అదీ ఎవరో దూరం నుంచి వచ్చి కొన్నదే. ఆ వేసవి అంతా ఈ వంటింటి కిటికీలోంచి వంతెన మీద కార్లు చూసింది. కార్ల నెత్తిన పరుపులు, వెనక అద్దంలో పిల్లల ముఖాలు. తెలిసిన ప్రతి ఇంటికీ ఒక రొట్టె కాల్చి పట్టుకెళ్లింది. ప్రతి గుమ్మంలోనూ, "ఉత్తరాలు రాస్తాం" అన్నారు. కిటికీలకి తెరలు తీసేసిన ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో ఆ వేసవిలోనే తెలిసింది ఆమెకు. అప్పటి నుంచీ ఎవరింటి ముందు కారు డిక్కీ తెరిచి ఉన్నా ఆమె గుండె జారిపోతుంది.

"అమ్మా, నిన్నే."

"విన్నాను."

"రేపు మధ్యాహ్నం పిట్స్‌బర్గ్ వాళ్లు వస్తారు. రమ్మన్నది నేను. వద్దని చెప్పుకునేది నువ్వే." రాయిస్ లేచాడు. "ఇండియానాలో గాజు వ్యాపారి ఒకాయన నన్ను తన దగ్గర చేరమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ జవాబివ్వలేదు. ఇవాళ ఇస్తాను."

అతను కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. జెనెవా లేవలేదు. చేతిరుమాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అత్తయ్యా, మీరు ఆయన్ని ఒక మాట అడుగుతారని ఎన్నేళ్లో చూశాను. మీరూ అడగలేదు, ఆయనా నోరు విప్పలేదు."

"ఏ మాట?"

"అది నేను చెప్పేది కాదు."

బయట కారు హారను మోగింది. జెనెవా అత్తగారి చెంప మీద ముద్దు పెట్టి, పరుగులాంటి నడకతో వెళ్లింది.

నోలా పళ్లాలు ఎత్తసాగింది. "వెళ్లడులే అమ్మా. వాడెప్పుడూ అంటూనే ఉంటాడు."

"వెళ్లిన వాళ్లందరి గురించీ నేనూ అలాగే అనుకున్నాను" అంది ఆర్డిత్.

* * *

ఫైర్ హాల్లో నిన్నటి బింగో ఆట తాలూకు కాఫీ వాసన ఇంకా పోలేదు. కుర్చీలకి చోటు కావాలని ఫైరింజన్లు రెండింటినీ బయటపెట్టారు. ఫిబ్రవరి చలి తలుపు సందులోంచి కోసుకుంటూ వస్తోంది. కార్ఖానాలో పనిచేసే నలభైమందీ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు.

ముందు వరసలో ఎమిల్ జబో ఉన్నాడు. కొలిమి దగ్గర పెద్ద మేస్త్రి. ఆర్డిత్‌తో కలిసి చదువుకున్నవాడు. చర్చిలో ఆమెను ఆర్డిత్ అంటాడు, కార్ఖానాలో అమ్మగారంటాడు. ఇవాళ ఏమనాలో తేలక తల ఊపి ఊరుకున్నాడు.

ఆర్డిత్ నిలబడి, లాయరు చెప్పింది తనకు అర్థమైనంతలో చెప్పింది.

"మీ జీతాల్లోంచి ఒక్క సెంటు తీసుకోను. మీ అందరి తరఫునా ఒక ట్రస్టు పెడతారు. అది బ్యాంకులో అప్పు తెచ్చి కార్ఖానా కొంటుంది. ఏటేటా వచ్చే లాభంలోంచి అప్పు తీరుతుంది. తీరుతున్న కొద్దీ వాటాలు మీ పేర్ల మీదికి వస్తాయి. పని మానుకుని ఇంట్లో కూర్చునేనాడు మీ వాటాకి డబ్బు కట్టి చేతికిస్తారు. ఇలా అమ్మేవాళ్లకి సర్కారు పన్ను కూడా తగ్గిస్తుందట. దేశంలో చాలాచోట్ల ఇలా నడుస్తున్నవి ఉన్నాయట."

వెనక నుంచి డూయీ అనే బట్టతలాయన చెయ్యెత్తాడు.

"అంతా బాగుందమ్మా. చిల్లెక్కడుందో అది కూడా చెప్పెయ్యండి."

నవ్వులు లేచాయి.

"ఏం చిల్లు?"

"యజమానులు పనివాళ్లకి ఏదన్నా ఇచ్చారంటే అది చిల్లు పడ్డాకే ఇస్తారు గదా. మా తాత కాలం నుంచీ చూస్తున్నాం."

"ఇంకోటి" అన్నాడు పక్కనున్న ఇంకొకాయన. "మేమే యజమానులమైతే, రేపు ఒళ్లు మండినప్పుడు ఎవరి మీద సమ్మె చెయ్యాలి?"

"నీ మీద నువ్వే చేసుకో. మీ ఆవిడ ఎన్నో ఏళ్లుగా నీ మీద చేస్తూనే ఉంది" అన్నాడు డూయీ.

ఈసారి ఎమిల్ కూడా నవ్వాడు. ఆర్డిత్ నవ్వలేకపోయింది. జీవితమంతా ఈ మనుషుల పెళ్లిళ్లకి కేకులు, చావులకి పూలు పట్టుకెళ్లింది. ఒక్క మంచిమాట చెప్పడానికి వస్తే వాళ్లు చిల్లు వెతుకుతున్నారు. వెతకడం తప్పని మాత్రం ఆమె అనలేకపోయింది.

టెస్సా లేచింది. ప్యాకింగు గదిలో పనిచేసే అమ్మాయి. చంకలో పాప నిద్రపోతోంది.

"మా నాన్న సీసాల కార్ఖానాలో జీవితమంతా చేశాడు. మూసిననాడు వీపు మీద కార్ఖానా పేరు కుట్టిన కోటు ఒకటిచ్చారు. ఇప్పటికీ అదే తొడుక్కుని తిరుగుతాడు. మూతపడ్డ కార్ఖానాకి ఊరంతా ప్రచారం చేస్తున్నాడు. నాకు కోటు వద్దు. చిల్లున్నా సరే, వాటాయే కావాలి."

ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఎమిల్ అడిగాడు. కూర్చునే అడిగాడు.

"మునిగితే?"

ఒక్క మాటే. ఆర్డిత్ కుర్చీ వీపు పట్టుకుంది. అబద్ధం చెప్పాలనుంటే చెప్పొచ్చు. వాళ్లు నమ్మాలనే చూస్తున్నారు.

"మునిగితే రెండూ పోతాయి ఎమిల్. పనీ పోతుంది, వాటా కూడా. మా రాయిస్ ఇవాళ భోజనాల దగ్గర అదే అన్నాడు. వాడన్నది నిజం. అందుకని మీకున్నదంతా ఇందులోనే ఉందనుకుని కూర్చోకండి. మీరు విడిగా దాచుకునేది విడిగానే ఉంచుకోండి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ముంచాలనుకునే మనిషి పిట్స్‌బర్గ్‌లో ఉండడు. ముంచినా తేల్చినా మీరే."

"రాయిస్ ఉంటాడా?"

"తెలీదు."

ఎమిల్ తల పంకించి లేచాడు. "ఇక మేం మాట్లాడుకోవాలి. యూనియన్ పద్ధతి మీకు తెలిసిందే. యజమాని ఉండగా మాట్లాడుకోం. ఫోన్లు కూడా లోపలుండకూడదు."

బింగో బిళ్లలు పోసే బకెట్ ఒకటి వరస వెంట తిరిగింది. అందరూ ఫోన్లు అందులో వేశారు. డూయీ దాన్ని తెచ్చి ఆర్డిత్ చేతికిచ్చాడు. "కాస్త చూస్తూండండమ్మా. మీరైతే దొంగిలించరు."

ఆర్డిత్ తలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. నోలా లేవలేదు. లేవకూడదు కూడా. ఆమె పనివాళ్లలో మనిషి. తల్లీకూతుళ్ల మధ్య తలుపు మూసుకుంది.

* * *

బయట అరుగు మీద బెంచీ చల్లగా ఉంది. ఎదురుగా ఏరు అంచుల్లో మంచు కట్టింది. ఆర్డిత్ బకెట్‌ని పక్కన పెట్టుకుని కూర్చుంది.

లోపల గొంతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. మాటలు తెలియడం లేదు. వద్దంటారేమో. వద్దంటే రేపు పిట్స్‌బర్గ్ వాళ్లకి అమ్మక తప్పదు. తను ముసలిదైపోయింది. కొలిమి నడిపే వయసు కాదు. వాళ్లు సరేనంటే కొడుకు వెళ్లిపోతాడు, వద్దంటే ఊరు పోతుంది. ఏ కిటికీలోంచి చూడాలో ఎంచుకోవడమే తనకు మిగిలింది.

బకెట్‌లో ఒక ఫోను గురగురమంది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఎవరో ఇల్లాలు, మొగుడు ఇంకా రాలేదని చేస్తోందనుకుంది. తీసి చూడలేదు. వాళ్ల ఫోన్లు. యజమానిని బయటికి పంపింది అందుకే కదా.

అది చాలాసేపు మోగింది.

తలుపు తెరుచుకుంది. ఎమిల్ టోపీ చేత పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు ఏటి వైపు చూశాడు.

"ఒప్పుకున్నాం ఆర్డిత్."

పేరుతో పిలిచాడు. ఆమెకు ఊపిరి వెచ్చగా బయటికొచ్చింది.

"అందరూనా?"

"డూయీ కూడా. చిల్లు తానే పూడ్చుకుంటాడట. కానీ ఒక్క మాట. అది లేకపోతే మేం ముట్టుకోం."

"చెప్పు."

"రాయిస్ ఉండాలి."

ఆర్డిత్ అతని ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు. "శుక్రవారం మీ నోటి దగ్గరిది లాక్కున్నది వాడే కదయ్యా."

"వాడే. వాడి మీద నాకు కోపం పోలేదు. ఆ మిగులు గాజు వాడి నోటితో ఆపాడు, వాడి నోటితోనే తిరిగి ఇవ్వాలి. అందరి ముందూ. కానీ ఆర్డిత్, మేం గాజు ఊదగలం. అమ్మడం మాలో ఎవడికి వచ్చు? ఒకసారి షికాగో సంతకి నన్ను తీసుకెళ్లాడు గుర్తుందా? ఒకావిడ గిన్నె ఖరీదెంతని అడిగితే మీకు నచ్చినంత ఇవ్వండన్నాను. రాయిస్ ముఖం చూడాలి అప్పుడు!" అతను నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "మేం ఎన్నుకున్న పెద్దల కింద పనిచెయ్యాలి. జీతానికి. వాళ్ల నాన్న పనివాళ్ల కింద. అది వాణ్ని అడగడం మా వల్ల కాదు. నువ్వే అడగాలి."

ఇండియానాకి ఇవాళే జవాబిస్తానన్నాడు కొడుకు. ఆ మాట ఎమిల్‌కి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

బకెట్‌లో మళ్ళీ ఫోను మోగింది. హాలులోంచి ఆర్వెల్ అనే ముసలాయన తన ఫోను కోసం వచ్చి, చేత్తో తడిమి పైకి తీశాడు. చూశాడు. ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"కొలిమి" అన్నాడు.

"ఏమిటి?"

"కొలిమి నుంచి. గ్యాసు తగ్గితే అదే కాపలావాడి ఫోనుకి గంట కొడుతుంది కదా. ఎన్నిసార్లో."

ఎమిల్ అతని భుజం పట్టుకున్నాడు. "ఇవాళ కాపలా ఎవరిది?"

ఆర్వెల్ పెదాలు కదిలాయి. "నాదే. ఓటేసి వెంటనే పోదామనుకున్నా. ఎంతసేపులే అనుకున్నా. ఫోనుందిగా అనుకున్నా."

ఆదివారమైనా క్రిస్మస్ అయినా ఆ కొలిమి ఆరకూడదు. ఆరితే మూసల్లో గాజు బండలా బిగుసుకుంటుంది, మూసలు పగిలిపోతాయి. మళ్ళీ కట్టడానికి నెలలు పడుతుంది. చచ్చిన కొలిమి మీద ఏ బ్యాంకూ అప్పివ్వదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. దాన్ని సొంతం చేసుకోవడానికి చేతులెత్తినంతసేపూ దాని దగ్గర మనిషి లేడు.

ఆర్డిత్ బకెట్ వైపు చూసింది. అది మోగినంతసేపూ తను పక్కనే కూర్చుంది.

* * *

నోలా పికప్ ట్రక్కు నడిపింది. వెనక కార్లు, ముందు కార్లు. ఆర్డిత్ చేతులు ఒళ్లో పెట్టుకుని పొగగొట్టం కోసం చూసింది. కొండ మలుపు తిరిగాక కనిపించింది. దాని నెత్తిన వేడిగాలి వణుకు ఉందో లేదో ముసలి కళ్లకి ఆనలేదు.

గేటు దగ్గర రాయిస్ కారు ఉంది. తలుపు కూడా వెయ్యకుండా దిగిపోయాడు.

లోపలికి వెళ్లేసరికి రాయిస్ కొలిమి పక్కన ఉన్నాడు. ఆదివారం చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. టై నేల మీద పడి ఉంది. చలికి బయటి గొట్టంలో గ్యాసు తగ్గితే పక్క ట్యాంకుకి మార్చాల్సిన పెద్ద వాల్వు మర దగ్గర నిలబడి రెండు చేతులతో తిప్పుతున్నాడు. ఆపి, కొలిమి కంతలోంచి లోపలికి చూస్తున్నాడు. మళ్ళీ తిప్పుతున్నాడు. ఎవరూ జవాబివ్వకపోతే ఆ గంట చివరికి అతని ఫోనుకే వస్తుంది. అతను చిన్నప్పుడు వాళ్ల నాన్న పక్కన నిలబడి ఆ కంతలోంచి చూడటం ఆర్డిత్ ఎన్నిసార్లో చూసింది. ఆ తర్వాత వాణ్ని అక్కడ చూసిన గుర్తు లేదు.

నలభైమందీ గుమ్మంలో గుంపుగా ఆగిపోయారు.

రాయిస్ వెనక్కి తిరగలేదు.

"యజమానులంతా వచ్చారా?" అన్నాడు.

టెస్సా చంకలో పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది.

ఎమిల్ ముందుకెళ్లి, రాయిస్‌ని భుజంతో కాస్త పక్కకి జరిపి, కంతలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. లోపలి వెలుగు అతని ముఖం మీద ఎరుపు నుంచి పసుపుకి మారింది.

"నిలబడింది" అన్నాడు.

ఆర్వెల్ అక్కడే ఒక పెట్టె మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. రాయిస్ అతని వైపు చూసి ఏదో అనబోయి మానుకున్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాలిన మణికట్టు మీద ఊదుకున్నాడు.

"రాయిస్" అంది ఆర్డిత్. "వాళ్లు ఒప్పుకున్నారు."

"తెలుస్తోంది."

"నువ్వుంటేనే అన్నారు."

అతను తల్లిని చూశాడు, ఎమిల్‌ని చూశాడు. "నేనా?"

"నువ్వే" అన్నాడు ఎమిల్. "అమ్మకం నీది. మేం ఎన్నుకున్నవాళ్ల కింద. ఇంకా, శుక్రవారం సంగతి నువ్వే సరిచెయ్యాలి."

"నీ కింద పనిచెయ్యాలి నేను."

"నా కింద కాదు. నన్నెవడు ఎన్నుకుంటాడు? బహుశా డూయీ కింద."

గుంపులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రాయిస్ ముఖం కదలలేదు. అతను మర మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"అమ్మా, వీళ్లందరి ముందూ ఒకటి అడుగుతాను. పిట్స్‌బర్గ్ వాళ్లని ఎందుకు పిలిచానో తెలుసా నీకు? ఎలాగూ నాది కాదు కాబట్టి పిలిచాను. నాన్న పోయిన దగ్గర్నుంచీ చూశాను. ఏ రోజైనా పిలిచి, 'ఇది తీసుకుంటావా?' అని అడుగుతావేమోనని. ఎమిల్‌ని అడిగావు. ఆ పాపని చంకనేసుకున్న పిల్లని అడిగావు. నన్ను ఎందుకడగలేదు?"

జెనెవా చెప్పని మాట ఇదేనన్నమాట.

పనివాళ్లలో కొందరు తలలు దించుకున్నారు. నోలా తల్లి మోచెయ్యి పట్టుకోబోయింది. ఆర్డిత్ వద్దన్నట్టు చెయ్యి లాక్కుంది.

చేతకాదనుకుందా? కాదు. కూతురంటే ఎక్కువ ఇష్టమా? అదీ కాదు. వెతికితే దొరికిన జవాబు చాలా చిన్నది. చెప్పడానికి సిగ్గేసేంత చిన్నది.

"నువ్వు వెళ్లిపోతావనుకున్నాను" అంది. "ఎప్పటికైనా. ఈ ఊళ్లో తెలివైనవాళ్లందరూ వెళ్లారు. నువ్వు ఊరెళ్లిన ప్రతిసారీ ఇదే ఆఖరేమో అనుకునేదాన్ని. ఇంత బరువు నీ మెడకి కడితే, దాన్ని తెంపుకుని వెళ్లేటప్పుడు నన్ను తిట్టుకుంటావని కట్టలేదు. వెళ్లేవాడికి అడ్డం రాకూడదనుకున్నాను, అంతే."

రాయిస్ వంగి టై తీసుకున్నాడు. దులిపాడు. జేబులో పెట్టుకున్నాడు.

"నేనెప్పుడూ వెళ్లలేదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే ఆర్డిత్‌ని ఎక్కువ భయపెట్టింది. "ప్రతిసారీ తిరిగొచ్చాను. నువ్వు లెక్కపెట్టింది వెళ్లిన సార్లే."

అతను కోటు భుజాన వేసుకుని, గుంపు వైపు నడిచాడు. వాళ్లు దారి ఇచ్చారు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"రేపు మధ్యాహ్నం పిట్స్‌బర్గ్ వాళ్లు వస్తారు" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "వాళ్లతో ఎవరో ఒకరు మాట్లాడాలి. వాళ్లు మంచి బేరగాళ్లు. మీటింగులో చేతులెత్తినంత తేలిగ్గా వదిలిపోరు."

"నువ్వే మాట్లాడు" అన్నాడు ఎమిల్.

"ఎవరి తరఫున?"

ఆర్డిత్ జవాబు చెప్పబోయింది. నోరు తెరిచాక తెలిసింది, ఆ ప్రశ్న ఆమెను అడిగింది కాదు. కొడుకు చూపు ఆమెను దాటి నలభైమంది మీద నిలిచింది.

ఎమిల్ వెనక్కి తిరిగి తనవాళ్లని చూశాడు. డూయీ టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. ఆర్వెల్ తల ఎత్తలేదు. శుక్రవారం గొట్టాలు నేల మీద పెట్టి నడిచిపోయిన మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. 'మా తరఫున' అని ముందు అనవలసింది తామేనని, అలాంటి మాట జన్మలో ఎప్పుడూ అనలేదని, అప్పుడే అర్థమవుతున్నట్టుంది వాళ్లకి.

రాయిస్ గుమ్మంలో నిలబడే ఉన్నాడు. కారు తాళాలు అతని చేతిలో ఉన్నాయి.